టూన్ షేడర్ పెట్టాక కూడా త్రీడీ పాత్ర ప్లాస్టిక్ బొమ్మలా ఎందుకు కదులుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగేళ్ళుగా జపాన్ యానిమే పద్ధతిలో చేత్తో బొమ్మలు వేస్తున్నారు. ఇప్పుడు ఒక్కరే మూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు: రైలు కదిలిపోయేలోపు అమ్మమ్మకు మందుల సంచి అందించాలని ప్లాట్‌ఫాం మీద పరిగెత్తే అమ్మాయి కథ. అంతా చేత్తో గీయడం ఒక్కరి వల్ల కాదని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో అమ్మాయిని మోడల్ చేశారు, చేత్తో వేసినట్టు చదును రంగులు వచ్చేలా టూన్ షేడర్ పెట్టారు, చుట్టూ నల్ల గీత పెట్టారు. ఆపి చూస్తే బొమ్మ బాగుంది, ప్లే చేస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. వేరే షేడర్ వాడాలా అని అడిగారు.

షేడర్ మార్చక్కర్లేదు. ముందు కదలిక సరిచేయండి, తర్వాత ముఖం మీద నీడ, ఆ తర్వాత గీత. ఈ మూడూ అయ్యాక కూడా తేడా కనిపిస్తే అప్పుడు షేడర్ సంగతి చూడొచ్చు. ఆపినప్పుడు బాగున్న బొమ్మ కదిలినప్పుడు చెడిపోతోందంటే లోపం రంగులో లేదన్నమాటే కదా.

నేను హైదరాబాద్‌లో పదహారేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఐదేళ్ళు కాగితం మీద ఇన్‌బిట్వీన్లు, అంటే రెండు ముఖ్యమైన పోజుల మధ్య వచ్చే బొమ్మలు గీశాను, తర్వాత త్రీడీ యానిమేషన్‌కి మారాను, ఇప్పుడు ఎక్కువగా కంపోజిటింగ్, అంటే పొరలన్నీ కలిపి చివరి షాట్ తయారుచేసే పని చూస్తున్నాను. రెండు వైపులా పనిచేశాక నాకు బలంగా అనిపించేది ఒకటే. చేత్తో గీసేవాడు కాగితం మీద ఏది వదిలేయాలో ప్రతి బొమ్మకీ నిర్ణయించుకుంటాడు. త్రీడీలో సాఫ్ట్‌వేర్ ఏదీ వదలదు. రెండు పోజుల మధ్య కదలికంతా నింపుతుంది, ముక్కు నీడ లెక్క ప్రకారం వేస్తుంది, దూరంగా ఉన్న చెవికీ దగ్గరగా ఉన్న చెవికీ ఒకే శ్రద్ధ చూపిస్తుంది. మీ పని దానికి ఇంకా చేర్చడం కాదు, అది ఇచ్చినదాంట్లోంచి తీసేయడం.

కదలిక

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. యానిమేలో పాత్ర మాత్రం సెకనుకు 24 సార్లు మారదు. ఒక బొమ్మను రెండు ఫ్రేములు ఉంచితే 12 బొమ్మలు, మూడు ఫ్రేములు ఉంచితే 8 బొమ్మలు. టూస్ మీద, త్రీస్ మీద అంటాం. 1963లో ఆస్ట్రో బాయ్ టీవీలో మొదలైనప్పుడు వారం వారం ఎపిసోడ్ ఇవ్వాలంటే బొమ్మలు తగ్గించడం తప్ప వేరే దారి లేదు. ఆ ఇబ్బందిలోంచి పుట్టిన లయ తర్వాత ఆ కళకే గుర్తయిపోయింది. మన కళ్ళు ఆ లయకు అలవాటుపడ్డాయి. అందుకే అదే పాత్ర ప్రతి ఫ్రేములోనూ నూనె రాసినట్టు జారుతూ కదిలితే వెంటనే 'ఇది కంప్యూటర్ బొమ్మ' అని పట్టేస్తాం.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ 2014లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ చేసిన గిల్టీ గేర్ ఎగ్జార్డ్ అనే ఫైటింగ్ గేమ్. అన్‌రియల్ ఇంజిన్ 3 మీద నడిచే పూర్తి త్రీడీ గేమ్, సెకనుకు 60 ఫ్రేములు. అయినా పాత్రల కీఫ్రేముల (మనం పెట్టిన పోజుల) మధ్య ఇంటర్‌పోలేషన్, అంటే సాఫ్ట్‌వేర్ తనంతట తాను నింపే కదలిక, తీసేశారు. ఒక పోజు, ఆగడం, ఇంకో పోజు. చేత్తో వేసిన బొమ్మలనే అనుకుంటాం, కెమెరా చుట్టూ తిరిగితే తప్ప త్రీడీ అని తెలియదు. ఆ గేమ్‌కి పనిచేసిన మోటొమురా జున్యా 2015లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఈ పద్ధతంతా విడమరచి చెప్పారు. వీలైతే ఆ ప్రసంగం చూడండి, ఈ పనిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను ముందు అదే చూడమంటాను.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మామూలుగా నున్నగా యానిమేట్ చేసేసి, గ్రాఫ్ ఎడిటర్‌లో స్టెప్డ్ ఇంటర్‌పోలేషన్ మోడిఫయర్ తగిలించి, విలువ 2 అని కొట్టి, అయిపోయింది అనుకుంటారు. అవ్వదు. అది నున్నటి కదలికను రెండేసి ఫ్రేములకు ఒకసారి కత్తిరించి ఇస్తుందంతే. కత్తెర ఎక్కడ పడాలో మీరు నిర్ణయించలేదు. పరుగులో కాలు నేలను తాకే క్షణం ఒక ఫ్రేము అటో ఇటో పోతుంది, అడుగులో బరువు ఉండదు. చేత్తో గీసేవాడు ఒక బొమ్మను నాలుగు ఫ్రేములు ఆపుతాడు, తర్వాతిదాన్ని ఒక్క ఫ్రేములో తోసేస్తాడు, ఆ తర్వాత రెండు రెండు. మీరు నాలుగేళ్ళు చేత్తో చేశారు కాబట్టి ఇది మీ వేళ్ళలోనే ఉంది. బ్లెండర్‌లో కీలన్నీ (అంటే కీఫ్రేములు) కాన్‌స్టంట్ మీద పెట్టండి, అప్పుడు తర్వాతి కీ వచ్చేదాకా పోజు కదలదు. పరుగుకి ముందు కాగితం మీద ఆరో ఎనిమిదో బొమ్మలు చకచకా గీసుకోండి. త్రీడీ పాత్రను ఒక్కో బొమ్మకు సరిపోయేలా పోజు పెట్టండి. మధ్యలో ఏమీ నింపనివ్వకండి.

నేను త్రీడీకి వచ్చిన కొత్తలో ఒక పైలట్ ఎపిసోడ్‌కి, పొలం గట్టు మీద సైకిల్ టైరు దొర్లించుకుంటూ పరిగెత్తే పిల్లాడి షాట్ చేశాను. రెండు వారాలు కష్టపడి ప్రతి కర్వ్ నున్నగా దిద్దాను. డైరెక్టర్ చూసి 'వీడికి బరువు లేదు, వీడు గట్టు మీద తేలుతున్నాడు' అన్నారు. ఆ రాత్రి కూర్చుని 40 కీలు ఉన్నచోట 11 పోజులు మాత్రం ఉంచి మిగతావి తీసేశాను. పొద్దున అదే డైరెక్టర్ అదే షాట్‌ని ఓకే చేశారు. మోడల్, షేడర్, లైటు ఏవీ ముట్టుకోలేదు.

అయితే మీ కథకు ఒక చిక్కు ఉంది, అది ముందే చెప్పాలి. అమ్మాయి రైలు పక్కన పరిగెత్తుతుంటే కెమెరా కూడా ఆమెతో కదులుతుంది. కెమెరా ప్రతి ఫ్రేమూ కదులుతూ, అమ్మాయి మూడేసి ఫ్రేములకు ఒకసారి ముందుకు గెంతితే ఆమె తెర మీద వణుకుతుంది. చూసేవాళ్ళకు తలనొప్పి వస్తుంది. దీనికి మందు, పాత్ర స్థానాన్నీ పోజునీ విడదీయడం. రూట్ బోన్ (పాత్ర మొత్తాన్ని జరిపే ఎముక) ప్రతి ఫ్రేమూ కెమెరాతో పాటు సాఫీగా వెళ్ళాలి, చేతులు కాళ్ళు మాత్రం టూస్ మీదో త్రీస్ మీదో మారాలి. చేత్తో చేసే యానిమేషన్‌లోనూ ఇదే చేస్తారు: పరిగెత్తే బొమ్మ ఒకేచోట ఉంటుంది, వెనక బ్యాక్‌గ్రౌండ్ ప్రతి ఫ్రేమూ జరుగుతుంది. పాదాలు కనిపించే షాట్‌లో మాత్రం ఇలా చేస్తే కాలు నేల మీద జారినట్టు ఉంటుంది. అక్కడ కెమెరాను ఆపేయండి, లేదా ఫ్రేము మోకాళ్ళ పైన కట్ చేయండి. కెమెరా నిలకడగా ఉన్న షాట్‌లో ఈ గొడవే లేదు, రూట్ కూడా పోజుతోనే గెంతొచ్చు.

జడకీ ఓణీకీ సిమ్యులేషన్ (ఊగడాన్ని కంప్యూటరే లెక్కగట్టడం) పెడితే అది పాత్ర గెంతులను కుదుపులుగా తీసుకుని పిచ్చిగా ఎగురుతుంది. సిమ్యులేషన్ నున్నటి కదలిక మీద ముందు బేక్ చేసి (లెక్కగట్టి దాచి), తర్వాత పాత్రలాగే టూస్ మీదో త్రీస్ మీదో ఆపండి. నిజానికి ఒక్క జడే అయితే నాలుగు బోన్లు పెట్టి చేత్తో పోజు పెట్టడమే తొందరగా అవుతుంది, అందంగానూ ఉంటుంది.

ముఖం మీద నీడ

టూన్ షేడర్ చేసేది చాలా చిన్న పని. వెలుగు ఎంత పడిందో చూసి, ఒక గీటు దాటితే వెలుగు రంగు, దాటకపోతే నీడ రంగు ఇస్తుంది. ఆ గీటు ఎక్కడ పడుతుందనేది నార్మల్స్ మీద, అంటే ఉపరితలం ఎటు చూస్తోందని కంప్యూటర్ అనుకుంటోందో దాని మీద ఆధారపడుతుంది. మనిషి ముఖంలో ఎత్తుపల్లాలు ఎక్కువ. కాబట్టి తల కాస్త తిప్పగానే చెంప మీద, పెదవి పక్కన ముక్కలు ముక్కలుగా నీడ మచ్చలు పుట్టి మాయమవుతుంటాయి. చేత్తో గీసేవాడు ఎప్పుడూ అలా గీయడు. ముక్కు కింద ఒక చిన్న త్రికోణం, గడ్డం కింద మెడ మీద ఒక నీడ, జుట్టు కింద నుదుటి మీద ఒకటి. అంతే.

దీనికి నేను వాడే దారి: ముఖం చుట్టూ నున్నటి గుండు లాంటి ఆకారం ఒకటి చేసి, దాని నార్మల్స్‌ని డేటా ట్రాన్స్‌ఫర్ మోడిఫయర్‌తో ముఖానికి ఇవ్వడం. ముఖం ఆకారం మారదు, నీడ మాత్రం గుండు మీద పడినట్టు శుభ్రంగా పడుతుంది. తర్వాత ముక్కు దగ్గర, పెదవి దగ్గర చేత్తో దిద్దుకోవాలి. గిల్టీ గేర్ వాళ్ళు కూడా నార్మల్స్‌ని చేత్తోనే సవరించారు. పైగా ఒక్కో పాత్రకు దాని సొంత లైటు పెట్టి, పోజుకు తగ్గట్టు ఆ లైటును తిప్పారు. మీరూ అలాగే చేయండి. సీన్‌లో సూర్యుడు ఎక్కడున్నాడనేది బ్యాక్‌గ్రౌండ్‌కి సంబంధించిన సంగతి. అమ్మాయి ముఖానికి లైటు ఆ షాట్‌లో ఆమె ఎలా కనిపించాలో దాన్నిబట్టి ఉండాలి. ఇది మోసం అనుకోకండి, కాగితం మీద మీరు నాలుగేళ్ళుగా చేస్తున్నది ఇదే.

నీడ రంగు విషయంలో ఒక్క మాట. అసలు రంగును నల్లగా తగ్గించి నీడ చేయకండి. చామనఛాయ చర్మానికి నీడ కొంచెం ఎర్రమట్టి వైపు వెళ్తే ప్రాణం ఉంటుంది, బూడిద వైపు వెళ్తే జబ్బుపడినట్టు ఉంటుంది. యానిమే స్టూడియోల్లో పగటికి, సాయంత్రానికి, రాత్రికి పాత్ర రంగులన్నీ విడివిడిగా నిర్ణయించే మనిషి ప్రత్యేకంగా ఉంటారు. మీరూ ప్లాట్‌ఫాం ఎండకు ఒక జత, రేకుల కప్పు కింద నీడకు ఒక జత రంగులు ముందే ఎంచుకుని రాసి పెట్టుకోండి.

బ్లెండర్ వాడేవాళ్ళు చాలామంది గమనించనిది ఇంకోటి: కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్, అంటే రెండర్ రంగులను తెరకు తగ్గట్టు మార్చే సెట్టింగ్. 4.0 వెర్షన్ నుంచి అది మామూలుగా ఏజీఎక్స్ మీద ఉంటుంది. నిజమైన వెలుగుకు అది మంచిదే, మీరు ఎంచిన చదును రంగులను మాత్రం వెలవెలబోయేలా చేస్తుంది. స్టాండర్డ్ మీద పెట్టండి. టూన్ షేడర్‌కి షేడర్ టు ఆర్‌జీబీ నోడ్ వాడుతుంటే, బ్లెండర్‌లోని రెండు రెండర్ ఇంజిన్లలో అది ఈవీలోనే పనిచేస్తుంది, సైకిల్స్‌లో పనిచేయదు.

గీత

మీరు పెట్టిన నల్ల గీత అంతటా ఒకే మందంలో ఉందని అన్నారు. అదే తంటా. మీ చేతి గీత ఎలా ఉంటుందో మీకే తెలుసు: గడ్డం కింద బరువుగా, చెంప మీదకు వచ్చేసరికి సన్నగా, ముక్కు దగ్గర దాదాపు లేనట్టుగా. సాలిడిఫై మోడిఫయర్‌తో తిరగేసిన తొడుగు చేసి గీత తెస్తుంటే, దానికి వెర్టెక్స్ గ్రూప్ (మోడల్ మీది బిందువుల గుంపు) ఇచ్చి ఎక్కడ లావు ఎక్కడ సన్నం అనేది పెయింట్ చేయొచ్చు. లైన్ ఆర్ట్ మోడిఫయర్ కూడా బాగుంటుంది, ఆ గీతలు గ్రీజ్ పెన్సిల్‌లో (బ్లెండర్‌లో చేత్తో గీసే పరికరంలో) వస్తాయి కాబట్టి చేత్తో చెరిపి తిరిగి గీసుకోవచ్చు. జపాన్ స్టూడియోల్లో పెన్సిల్ ప్లస్ అనే ప్లగిన్ బాగా వాడతారు, అది డబ్బు పెట్టి కొనాలి. మీ మూడు నిమిషాలకు అవసరం లేదు.

పాత్ర కెమెరాకు దూరమైతే గీత సన్నబడాలి, లోపలి గీతలు కొన్ని పూర్తిగా పోవాలి. దూరంగా నిలబడ్డ మనిషికి పెదవి గీత గీస్తామా? లేదు. చర్మం లోపలి గీతలు నలుపులో కాకుండా ముదురు గోధుమలో వేసి చూడండి, ముఖం ఒక్కసారిగా మెత్తబడుతుంది.

కోణం తప్పించడం

యానిమే ముఖం త్రీడీలో సరిగ్గా కుదరని వస్తువు. ఎదురుగా ఒక రకం, ముప్పావు కోణంలో ఇంకో రకం, పక్క నుంచి చూస్తే నోరు చెంప మీదకు జరిగి ఉంటుంది. ఇవన్నీ ఒకే ఘనాకారంలో ఇమడవు. పక్క కోణానికి నోరు జరిపే షేప్ కీ (మోడల్ ఆకారాన్ని మార్చి దాచుకున్న రూపం) ఒకటి, ముప్పావు కోణానికి గడ్డం దిద్దే షేప్ కీ ఒకటి చేసుకుని షాట్‌ని బట్టి వాడండి. చేయి కెమెరా వైపు చాపితే ఆ అరచేతి బోన్‌ని ఒకటిన్నర రెట్లు పెంచడానికి వెనకాడకండి. కెమెరాలో ఎలా ఉందన్నదే ముఖ్యం, వెనక నుంచి చూస్తే వికారంగా ఉన్నా ఎవరూ చూడరు.

ఏది చేత్తో, ఏది త్రీడీలో

ఇది మీరు అడగలేదు, కానీ మీ సినిమా పూర్తవుతుందా లేదా అన్నది దీని మీదే ఉంది. జపాన్‌లో ఈ రెండింటినీ కలపడం కొత్త సంగతి కాదు. 1983 నాటి గోల్గో 13 చిత్రంలోనే కంప్యూటర్ హెలికాప్టర్లు ఉన్నాయి. ఇప్పుడు చూస్తే చేతి బొమ్మల పక్కన వేరే లోకంలోంచి వచ్చినట్టు ఉంటాయి. 1997లో ఘిబ్లి స్టూడియో వాళ్ళు ప్రిన్సెస్ మొనోనొకేకి వచ్చేసరికి కంప్యూటర్ భాగాలు చేతి గీతలో కలిసిపోవాలని టూన్ షేడర్ వాడారు. 1998లో ఇనీషియల్ డి సిరీస్‌లో కార్లు త్రీడీ, మనుషులు చేతి బొమ్మలు. గట్టి వస్తువులు, ఆకారం మారనివి, ఎన్నో కోణాల్లో తిరిగేవి త్రీడీకి ఇవ్వడం అప్పటినుంచీ నడుస్తున్న తెలివైన పద్ధతి. 2022లో వచ్చిన ది ఫస్ట్ స్లామ్ డంక్‌లో బాస్కెట్‌బాల్ ఆటకు త్రీడీ ఎందుకు తీసుకున్నారో ఊహించడం కష్టం కాదు: పదిమంది ఆటగాళ్ళు ఒకేసారి కదులుతుంటారు, కెమెరా వాళ్ళ మధ్య తిరగాలి.

2017లో ఆరెంజ్ స్టూడియో చేసిన ల్యాండ్ ఆఫ్ ది లస్ట్రస్ ఇంకో దారి చూపించింది. పాత్రలు రత్నాలు. జుట్టు రత్నంలా మెరవాలి, వెలుగు అందులోంచి దూరి రావాలి. అది చేత్తో ప్రతి బొమ్మకూ గీయడం దుర్భరం, త్రీడీకి సహజం. త్రీడీ దేనికి సహజమో అది కథలోనే ఉంటే ఆ రెండూ అతికినట్టు కాకుండా ఒకటిగా కనిపిస్తాయి. ఇది నా గట్టి నమ్మకం.

మీ అమ్మాయి ఓణీ మీద పువ్వుల డిజైన్ ఉందన్నారు. చేత్తో గీసేవాళ్ళు డిజైన్ ఉన్న బట్టలకు భయపడతారు, ప్రతి బొమ్మలోనూ మళ్ళీ గీయాలి. త్రీడీలో డిజైన్ తేలికే, కానీ ప్రతి మడతలోకీ దూరి మరీ ఖచ్చితంగా వచ్చి బొమ్మ తత్వాన్ని చెడగొడుతుంది. ఒకసారి పట్టుచీర అంచుతో నాకు నెల రోజులు టెన్షన్ పట్టుకుంది. చివరికి మడతలను పట్టించుకోకుండా డిజైన్‌ని కంపోజిటింగ్‌లో చదునుగా అతికించాం, అది బాగా కుదిరింది. 2004లోనే గోంజో స్టూడియో గాంకుట్సువో అనే యానిమే సిరీస్‌లో ఇలాంటి పద్ధతినే వాడి, బట్టల మీది డిజైన్ కదలకుండా నిలిచి ఉండేలా మొత్తం శైలినే కట్టింది. మీ ఓణీకి ఒకసారి ప్రయత్నించండి.

కంపోజిటింగ్‌లో ఒక్కటి మరవకండి: చేతి బొమ్మలకూ త్రీడీకీ చివరి పొరలు ఒకటే ఉండాలి. అదే మెత్తదనం, అదే గ్రెయిన్, పై నుంచి కిందికి అదే వెలుగు వాలు. త్రీడీ అంచు మరీ పదునుగా ఉంటే అర పిక్సెల్ బ్లర్ చేయండి. నేను చూసిన చాలా కలగలుపు షాట్‌లు కలవకపోవడానికి కారణం ఈ చివరి అరగంట పని వదిలేయడమే.

ఇప్పుడు మీ సినిమాకు నేనైతే ఇలా పంచుకుంటాను. రైలు, పట్టాలు, స్తంభాలు త్రీడీ. ప్లాట్‌ఫాం త్రీడీలో డబ్బాల్లా కట్టి, ఒక ఫ్రేము రెండర్ చేసి, దాని మీద చేత్తో పెయింట్ వేసి, ఆ పెయింటింగ్‌ని తిరిగి అదే డబ్బాల మీదకు ప్రొజెక్ట్ చేస్తాను. కెమెరా కొద్దిగా కదిలినా చేతి పెయింటింగ్ లాగే ఉంటుంది. జనం త్రీడీ, త్రీస్ మీద, ముఖాల్లో వివరాలు లేకుండా. అమ్మాయి దూరం షాట్‌లు, పరుగు త్రీడీ. ఆమె దగ్గరి షాట్‌లు, మందుల సంచి చేతులు మారే షాట్ త్రీడీ పోజు మీద గ్రీజ్ పెన్సిల్‌తో చేత్తో గీస్తాను. టీకొట్టు ఆవిరి, చెమట, కళ్ళలో నీళ్ళు చేత్తోనే.

అమ్మమ్మను మోడల్ చేయకండి. ఆవిడ కిటికీ దగ్గర కూర్చునే ఉంటుంది, మీరు చెప్పిన లెక్కన నాలుగు షాట్‌లే. ఆ ముడతలు, నవ్వేటప్పుడు కళ్ళు చిన్నవవడం మీ చేతికి వచ్చు. నాలుగు షాట్‌లకు ఇరవై ముప్పై బొమ్మలు చాలు. రిగ్ (మోడల్‌ను కదిలించే ఎముకల అమరిక) కట్టే సమయంలో సగం కూడా పట్టదు.

బ్లెండర్‌తో ఇది సాధ్యమా అని చివర్లో అడిగారు. ఎవాంజెలియన్ సినిమాలు తీసిన స్టూడియో ఖారా 2019లో బ్లెండర్ డెవలప్‌మెంట్ ఫండ్‌లో చేరి, తమ పనిని క్రమంగా దాని మీదకు మారుస్తామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ గురించి దిగులు వద్దు. మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌లో జనం ఉన్న షాట్‌లు మాత్రం బరువవుతాయి. వాటిని విడిగా పొరలుగా రెండర్ చేసుకోండి: రైలు ఒకటి, జనం ఒకటి, అమ్మాయి ఒకటి.

ముందుగా పరుగు షాట్ ఒక్కటే తీసుకుని, పోజులు 8కి తగ్గించి, నార్మల్స్ సరిచేసి, పాత వీడియో పక్కన పెట్టి ఇక్కడ పోస్ట్ చేయండి. ఏ పోజు ఎన్ని ఫ్రేములు ఆపారో కూడా రాయండి, ఫ్రేము ఫ్రేముకీ చూసి చెప్తాను.